పని ఆగిన రోజుల పద్దు

మా అక్క డాలస్ ప్రయాణానికి సర్దుడు నెల రోజులు సాగింది. కాయం ఉండలు, సొంఠిపొడి, వాము, వెల్లుల్లి కారం, నడికట్టుకు పాత నేతచీర, పసిగుడ్డుకు మెత్తటి పంచెలు చింపి కుట్టిన పొత్తిగుడ్డలు. బావ తూకం కొక్కేనికి పెట్టె తగిలించి “ఇరవై మూడు కిలోలు దాటితే ఊరుకోరు” అంటే, “బాలింతకు పథ్యం వాళ్లొచ్చి పెడతారా?” అంది. తెనాలిలో తను నడిపే కుట్టు దుకాణానికి తాళం పడింది. అక్క ఆర్నెల్లు ఉండి వస్తుంది, తర్వాత వియ్యపురాలు వెళుతుంది. వంతులవారీ డ్యూటీ.

అక్కడ మా మేనకోడలికి దేశపు చట్టం ఇచ్చేది 12 వారాల సెలవు, అదీ జీతం లేకుండా. 1993లో క్లింటన్ గద్దెనెక్కుతూనే సంతకం పెట్టిన చట్టమది. కనీసం 50 మంది ఉద్యోగులున్న సంస్థలో ఏడాది పనిచేసి ఉంటేనే అది వర్తిస్తుంది. జీతంతో సెలవు కావాలంటే కంపెనీ దయ, లేదా ఉంటున్న రాష్ట్రం చలవ. కాలిఫోర్నియా లాంటి కొన్ని రాష్ట్రాలు అందుకోసం నిధి పెట్టుకున్నాయి, టెక్సాస్ పెట్టుకోలేదు. ఆ లెక్కన మా అక్కే ఆ దేశపు ప్రసూతి పథకం.

అదే అపార్ట్‌మెంట్లలో ఇంకో తెలుగు కుర్రాడి ఉద్యోగం ఊడింది. హెచ్-1బి వీసా కనక 60 రోజుల్లో మరో కొలువు దొరకాలి, లేదంటే తిరుగు ప్రయాణం కట్టాలి. నిరుద్యోగ బీమా అక్కడ ఉంది, అతని కొలువు లెక్కన యజమాని దానికి పన్ను కూడా కట్టాడు. కానీ ఎక్కడ పని దొరికితే అక్కడ వెంటనే చేరగలిగిన వాళ్లకే ఆ బీమా. వీసా ఒక యజమానికి ముడిపడి ఉన్నవాడికి అది సాధారణంగా అందదు.

పురుడు శుభం, ఉద్యోగం ఊడటం అశుభం. ఇంటి లెక్కల పుస్తకంలో మాత్రం రెండూ ఒకే పద్దు కింద పడతాయి: జీతం ఆగింది, ఖర్చు ఆగలేదు. ఆ లోటు పూడ్చేదెవరు? ఇంట్లోవాళ్లా, పని ఇచ్చినవాడా, నలుగురూ తలా కాస్త వేసిన ఉమ్మడి సొమ్మా? నూట యాభై ఏళ్లుగా దేశాలన్నీ ఈ మూడు గుమ్మాల మధ్యే తిరుగుతున్నాయి.

జీతమా, ముష్టా?

మన పల్లెల్లో పాలేరుకు జీతం సాలుకింత అని ఉండేది. చాకలికి, మంగలికి, కుమ్మరికి కళ్లంలో మేర కొలిచేవారు. ఆ కట్టుబాటులో అన్యాయానికీ ఆకలికీ కొదవలేదు గానీ, ముసురు పట్టి చాకిరేవు ఆగిన రోజుకు కోత వేసే లెక్క మాత్రం లేదు. ఫ్యాక్టరీలొచ్చి వారం కూలే బతుకుతెరువు అయ్యాకే పని లేని రోజు ఒక ప్రత్యేకమైన కష్టంగా కంటికి ఆనింది. ఇంగ్లీషులోనూ నిరుద్యోగమనే మాట బాగా వాడుకలో పడింది 19వ శతాబ్దం చివరి దశకాల్లోనే. అంతకు ముందు వాళ్ల దృష్టిలో పని లేనివాడంటే సోమరి. అతనికి చూపిన దారి, తిండి పెట్టి చాకిరీ చేయించుకునే వర్క్‌హౌస్.

మన ‘భృతి’ అనే మాటకు కూలి, జీతం అని అర్థం. ఆ లెక్కన నిరుద్యోగ భృతి పని లేనివాడి జీతం. ఇంగ్లండులో జనం నోట పడ్డ పేరు మాత్రం ‘డోల్’, అంటే ఇంతని పంచిపెట్టిన ముష్టి. చేతిలో పడేది జీతమా ముష్టా అన్నది, ఆ సొమ్ము ఏ గుమ్మం నుంచి వచ్చిందన్న దాన్నిబట్టే తేలుతుంది.

స్విట్జర్లాండులోని సెయింట్ గాలెన్ పట్టణం 1895లో నిర్బంధ నిరుద్యోగ నిధి పెట్టింది. నికరంగా పని ఉన్నవాళ్లు మేమెందుకు కట్టాలని గొణిగారు. ఏటా కొన్ని నెలలు పని ఆగే వాళ్లే ఎక్కువగా తీసుకున్నారు. రెండేళ్లకే దుకాణం కట్టేశారు. 1901లో బెల్జియంలోని గెంట్ నగరం ఇంకో దారి పట్టింది. కార్మిక సంఘాలు తమ సభ్యులకు నడుపుకుంటున్న నిధులకే పురపాలక సంఘం కొంత కలిపి ఇచ్చింది. సంఘాల నిధుల ద్వారా భృతి అందించే ఆ పద్ధతి డెన్మార్కుకు, స్వీడన్‌కు, ఫిన్లాండుకు పాకింది. ఆ దేశాల్లో కార్మిక సంఘాలు ఇప్పటికీ బలంగా ఉండటానికి ఇదొక ముఖ్య కారణం.

దేశస్థాయిలో నిర్బంధ నిరుద్యోగ బీమా మొదట తెచ్చినది బ్రిటన్, 1911లో. లాయిడ్ జార్జ్ ఆర్థికమంత్రి. ఆ చట్టంలో నిరుద్యోగ భాగానికి పునాది వేసినవాళ్లు చర్చిల్, ఆయన దగ్గర చేరిన యువ అధికారి బెవరిడ్జ్. ఓడల తయారీ, ఇంజనీరింగు, భవన నిర్మాణం లాంటి పనుల్లో ఉన్న సుమారు 22.5 లక్షల మందికి తలా ఒక పుస్తకం ఇచ్చారు. వారం వారం కార్మికుడు రెండున్నర పెన్నీలు, యజమాని మరో రెండున్నర పెన్నీలు వేసుకుంటే పుస్తకంలో ఒక స్టాంపు పడుతుంది. ప్రభుత్వం తన వాటా కలుపుతుంది. పని పోయిన రోజున ఆ పుస్తకం లేబర్ ఎక్స్ఛేంజి బల్ల మీద పెడితే వారానికి 7 షిల్లింగులు. అయిదు స్టాంపులకు ఒక వారం భృతి, ఏడాదికి 15 వారాలు గరిష్ఠం. ఆ డబ్బుతో కుటుంబం గడవదు. గడవకూడదనే అంత తక్కువ పెట్టారు. అయినా పుస్తకంలోని స్టాంపులు తను కట్టినవి. చెయ్యి చాపుతున్నానని కార్మికుడు అనుకోనక్కర్లేదు.

ఆ గౌరవం ఇరవై ఏళ్లు కూడా నిలవలేదు. ఆర్థిక మాంద్యం ముదిరి నెలల తరబడి పని లేనివాళ్లు లక్షల్లో పోగయ్యేసరికి స్టాంపుల లెక్క చాల్లేదు. 1931లో ఆస్తి, ఆదాయం ఆరా తీసే పద్ధతి పెట్టారు. అధికారి ఇంటికొచ్చి సామాను చూసేవాడు. కొడుకు నాలుగు రాళ్లు తెస్తే తండ్రి భృతిలో కోత పడేది. భారం ఉమ్మడి సొమ్ము గుమ్మం దిగి మళ్లీ ఇంటి గడప ఎక్కింది. 1936లో ఓడల కార్ఖానా మూతపడ్డ జారో పట్టణం నుంచి 200 మంది లండన్‌కు దాదాపు 300 మైళ్లు నడిచివచ్చారు. వాళ్లు అడిగింది పని.

కూలిన ప్రభుత్వం, మూసిన ఎక్స్ఛేంజి

జర్మనీ 1927లో తెచ్చిన చట్టం సుమారు 8 లక్షల మంది నిరుద్యోగులను మోయగల నిధి మీద నిలబడింది. మాంద్యం విరుచుకుపడ్డాక చందా మూడున్నర శాతం నుంచి నాలుగుకు పెంచాలా వద్దా అన్న తగాదాలో 1930 మార్చిలో ఛాన్సలర్ ముల్లర్ ప్రభుత్వం కూలింది. ఆ తర్వాత అక్కడ పార్లమెంటులో మెజారిటీ మీద నిలిచిన ప్రభుత్వమే రాలేదు. 1932 మొదట్లో నమోదైన నిరుద్యోగులు 60 లక్షలు. మరుసటి జనవరిలో హిట్లర్ ఛాన్సలర్ అయ్యాడు. అర శాతమే అంతా చేసిందనలేం గానీ, వాన పడేటప్పుడు గొడుగు ఖర్చు మీద పోట్లాడుకుంటే ఏమవుతుందో ఆ శీతాకాలం చూపించింది.

అదే 1930లో సోవియట్ రష్యా తన దేశంలో నిరుద్యోగం అంతమైందని ప్రకటించి, భృతి ఆపి ఎక్స్ఛేంజీలు మూసేసింది. రోగమే లేనప్పుడు మందెందుకన్నమాట.

అమెరికాలో 1935 సాంఘిక భద్రత చట్టం వెనక ఉన్న మనిషి కార్మిక మంత్రి ఫ్రాన్సెస్ పెర్కిన్స్, ఆ దేశపు తొలి మహిళా మంత్రి. 1911లో న్యూయార్క్ ట్రయాంగిల్ దుస్తుల ఫ్యాక్టరీ మంటల్లో 146 మంది చనిపోయినప్పుడు వీధిలో నిలబడి కళ్లారా చూసిందామె. ఆ చట్టంలో భృతి సొమ్ము యజమానుల పన్ను నుంచి వస్తుంది, ఎక్కువమందిని తీసేసిన యజమానికి పన్ను పెరుగుతుంది. అయితే పొలం పనివాళ్లనూ ఇంటి పనివాళ్లనూ బయట ఉంచారు. దక్షిణాది నల్లజాతి శ్రామికుల్లో ఎక్కువమంది చేసేది ఆ పనులే.

ఇవాళ్టి తేడాలు చూడండి. జర్మనీలో పోయిన నికర జీతంలో 60 శాతం, పిల్లలుంటే 67 శాతం, మామూలుగా ఏడాదిపాటు. డెన్మార్కులో తక్కువ జీతగాళ్లకు 90 శాతం దాకా, రెండేళ్లు. అక్కడ ఉద్యోగంలోంచి తీసెయ్యడం సులువు, తీసేశాక బతకడమూ సులువు. ఈ రెండూ ఒక బేరంలోని రెండు ముక్కలు. అమెరికాలో చాలా రాష్ట్రాల్లో గరిష్ఠం 26 వారాలు, ఫ్లోరిడాలో ఇటీవలి ఏళ్లలో 12 వారాలే. దక్షిణ కొరియా 1995లో ఉద్యోగ బీమా మొదలుపెట్టింది. గొడుగు కొన్న రెండేళ్లకే ఆసియా ఆర్థిక సంక్షోభం గాలివానై వచ్చింది. 1998లో ఆ గొడుగును చిన్నా పెద్దా సంస్థలన్నిటి మీదికీ చాపింది.

పురిటి లెక్కలు

ప్రసూతి కథ ఇంకా ముందే మొదలైంది. 1877లో స్విస్ ఫ్యాక్టరీ చట్టం కాన్పుకు ముందూ వెనకా కలిపి 8 వారాలు ఆడవాళ్లను పనిలోకి రానివ్వకూడదంది. జీతం సంగతి ఎత్తలేదు. రక్షణ పేరుతో పస్తు పెట్టడమే అది. ఆ లోటు పూడ్చాలని 1945లో రాజ్యాంగంలో రాసుకున్నారు. ప్రజాభిప్రాయ సేకరణలో నెగ్గి జీతంతో కూడిన 14 వారాల సెలవు నిజంగా అందింది 2005లో. రాసుకున్నాక అరవై ఏళ్లు! బిస్మార్క్ జర్మనీ 1883లోనే అనారోగ్య బీమా నిధి నుంచి బాలింతకు మూడు వారాల భృతి ఇప్పించింది. స్విస్సువాళ్లు సెలవుతో మొదలెట్టారు, జర్మన్లు సొమ్ము ఎక్కడిదన్న ప్రశ్నతో మొదలెట్టారు. తేడా అంతా అక్కడే.

బ్రిటన్ 1911 చట్టంలో కాన్పుకు 30 షిల్లింగులు ఉన్నాయి. అవి వెళ్లింది భర్త చేతికి. సారా కొట్టు దాటి ఇంటికి ఎన్ని చేరేవో మనకు వేరే చెప్పక్కర్లేదు. శ్రామిక మహిళల సహకార సంఘం పట్టుబట్టాక, 1913లో అది తల్లి సొమ్మేనని చట్టం సవరించారు.

1919లో వాషింగ్టన్‌లో అంతర్జాతీయ కార్మిక సంస్థ తొలి సభ జరిగింది. అక్కడ ఆమోదించిన రెండో ఒప్పందం నిరుద్యోగం మీద, మూడోది ప్రసూతి మీద. పద్దులు పక్కపక్కనే పడ్డాయి. ప్రసూతికి 12 వారాలు అన్నారు. సొమ్ము ప్రభుత్వ నిధి నుంచో బీమా నుంచో రావాలన్నారు, యజమాని జేబు నుంచి అనలేదు. బాలింత ఖర్చు ఒక్క యజమాని నెత్తిన పడితే అతను ఆడవాళ్లను చేర్చుకోవడమే మానేస్తాడని వాళ్లకు అప్పుడే తెలుసు. సభ జరిగిన అమెరికా ఆ ఒప్పందానికి ఇప్పటికీ ఆమోదం తెలపలేదు.

రెండు పద్దులనూ కెనడా ఏకంగా కలిపేసింది. 1971 నుంచి అక్కడ ప్రసూతి భృతి ఇచ్చేది నిరుద్యోగ బీమా నిధే. జీతం ఆగింది కనక భృతి, కారణం పని పోవడమైతేనేం, బిడ్డ పుట్టడమైతేనేం? ఆ తర్కం కోర్టు దాకా వెళ్లేసరికి మెలిక పడింది. గర్భిణిగా పని పోగొట్టుకున్న ఒకామెకు ప్రసూతి భృతికి చందా రోజులు చాల్లేదు. మామూలు నిరుద్యోగ భృతైనా ఇమ్మంటే గర్భిణివి కాబట్టి కుదరదన్నారు. ఈ తేడా చట్టం చేసింది కాదు, ప్రకృతి చేసిందని 1978లో సుప్రీంకోర్టు తేల్చింది. ఆ మాట తప్పని ఒప్పుకోవడానికి అదే కోర్టుకు 11 ఏళ్లు పట్టింది.

1974లో స్వీడన్ ‘తల్లి సెలవు’ అనే మాటే తీసేసి, తల్లిదండ్రుల సెలవని పేరు మార్చింది. ఇలా చేసిన మొదటి దేశం అదే. ఆర్నెల్లు, 90 శాతం జీతం, ఇద్దరిలో ఎవరైనా తీసుకోవచ్చు. తొలి ఏడాది తండ్రులు వాడుకున్నది మొత్తం రోజుల్లో అర శాతం. ప్రభుత్వం ఒక పోస్టరు వేసింది. కండలు తిరిగిన బరువుల వస్తాదు లెన్నార్ట్ డాల్‌గ్రెన్, గుప్పెడంత పసిబిడ్డను ఎత్తుకుని నవ్వుతున్న బొమ్మ. పోస్టరు పేరుకెక్కింది గానీ, తండ్రులు కదల్లేదు. సెలవు ఇద్దరిదీ అయితే ఆచరణలో అది తల్లిదే అవుతుంది. మన ఇళ్లలో ‘ఎవరైనా తోమొచ్చు’ అన్న అంట్లు ఎవరు తోముతారో తెలిసిందే కదా!

చిక్కుముడి విప్పింది నార్వే. 1993లో నాలుగు వారాలు తండ్రికే కేటాయించింది. అతను తీసుకోకపోతే ఆ వారాలు కుటుంబానికి దక్కకుండా పోతాయి. నూటికి నలుగురు కూడా తీసుకోని చోట, పదేళ్లు తిరిగేసరికి 80 మంది పైగా తీసుకోసాగారు. స్వీడన్ 1995లో ఒక నెల, 2002లో రెండో నెల, 2016లో మూడో నెల తండ్రికి బిగించింది. అక్కడ ఇప్పుడు బిడ్డకు మొత్తం 480 రోజులు. తండ్రుల వాటా దాదాపు 30 శాతం. జపాన్‌లో చట్టం తండ్రికి ఏడాది దాకా సెలవిచ్చినా, 2012లో తీసుకున్నవాళ్లు నూటికి ఇద్దరు లేరు. ఆఫీసులో ఏమనుకుంటారోనని జంకు. యజమానే పిలిచి అడగాలని చట్టం మార్చాక, 2023 నాటికి ఆ సంఖ్య 30 దాటింది.

41, 42

మన రాజ్యాంగంలోనూ ఈ రెండూ ఇరుగుపొరుగే. నిరుద్యోగంలో ప్రభుత్వ సాయం 41వ అధికరణం, ప్రసూతి సాయం 42వది. రెండూ ఆదేశిక సూత్రాలే, వాటిని చూపి కోర్టులో దావా వేయలేం.

1928లో బొంబాయి శాసనమండలిలో ప్రసూతి బిల్లు చర్చకొచ్చినప్పుడు అంబేడ్కర్ దాన్ని సమర్థించారు. జనక్షేమం ప్రభుత్వ బాధ్యత కనక ఈ భారంలో పెద్ద వాటా ప్రభుత్వమే మోయాలని ఒప్పుకుంటూ, ఆడవాళ్ల పనితో లాభపడే యజమాని కొంత భరించడమూ న్యాయమేనన్నారు. 1929లో చట్టమైంది. కోస్తా, రాయలసీమ జిల్లాలు కలిసి ఉన్న మద్రాసు రాష్ట్రం 1934లో తన చట్టం చేసుకుంది. 1961లో దేశమంతటికీ 12 వారాలు, 2017లో 26 వారాలు అయింది. వారాల లెక్కలో మనం చాలా ధనిక దేశాలను దాటేశాం. కానీ అంబేడ్కర్ చెప్పిన పెద్ద వాటా ఎటో పోయింది. నెల జీతం 21,000 రూపాయల లోపు ఉండి కార్మిక బీమా పథకం ఈఎస్ఐలో ఉన్నవాళ్లకు ఆ నిధి ఇస్తుంది. మిగతావాళ్లకు 26 వారాల జీతమూ యజమాని జేబులోంచే. ఏడు వారాల జీతం యజమానులకు తిరిగిచ్చే యోచన ఉందని 2018లో కేంద్ర కార్మిక శాఖ చెప్పింది. అది యోచన దగ్గరే ఆగింది.

ఫలితం కాగితాల మీద కనబడదు. మా పిన్ని కూతురు హైదరాబాదులో ఒక చిన్న సంస్థ ఇంటర్వ్యూకు వెళ్తే పని గురించి రెండు ప్రశ్నలు, పెళ్లి గురించి మూడు ప్రశ్నలు అడిగారు. “పిల్లల సంగతి ఏమనుకుంటున్నారమ్మా?” అని ఎంతో మర్యాదగా అడిగారట. ఉద్యోగం రాలేదు.

కలుపు తీసే కూలి తల్లికి ఈ 26 వారాలూ వర్తించవు. మూడో నెల రాకముందే చీర ఉయ్యాల తుమ్మకొమ్మకు కట్టి చాలులోకి దిగుతుంది. ఆమె కోసం కేంద్రం 2017లో 5,000 రూపాయల పథకం పెట్టింది. అదే ఏడు తెలంగాణ ప్రభుత్వం సర్కారు దవాఖానాలో కాన్పుకు ఆడపిల్లయితే 13,000, మగపిల్లాడైతే 12,000 ప్రకటించింది. లోపాలెన్నున్నా, యజమాని ఎవరో తెలియని మనిషికి జీతం ఆగిన రోజులుంటాయని గుర్తించిన పథకాలివి.

నిరుద్యోగం పద్దులో మన దారి పూర్తిగా వేరు. బయటి దేశాల్లో ఈ భృతి పని చేసి పోగొట్టుకున్నవాడిది. మన వాడుకలో నిరుద్యోగి అంటే డిగ్రీ చేతబట్టుకుని కోచింగు సెంటర్ల చుట్టూ తిరిగే కుర్రాడు. అందుకే మన భృతి ఎన్నికల హామీగానే వింటాం. ఆంధ్రప్రదేశ్‌లో 2018లో నెలకు 1,000 రూపాయలతో ‘యువనేస్తం’ మొదలైంది, ప్రభుత్వం మారాక ఆగిపోయింది. చందా లేదు, స్టాంపు లేదు. ఇచ్చినవాడి దయ మీద నడిచేది అతనితోనే పోతుంది. పని పోయిన ఈఎస్ఐ కార్మికుడికి 2018 నుంచి ఒక పథకం ఉంది. 90 రోజులకు మొదట పావు వంతు, 2020 నుంచి సగం వేతనం. అది ఉందని తెలిసిన కార్మికులే తక్కువ.

మన పల్లెకు తెలిసిన నిరుద్యోగ బీమా వేరొకటి ఉంది, దాని పేరు కరువు పని. 1876-78 ధాత కరువులో మద్రాసు రాష్ట్రంలో కాలువలు తవ్వించి, రోడ్లు వేయించి కూలి ఇచ్చారు. బకింగ్‌హామ్ కాలువలో కొంత భాగం ఆ ఆకలి చేతులు తవ్విందే. ఖర్చు ఎక్కువవుతోందని బ్రిటిష్ అధికారి రిచర్డ్ టెంపుల్ ఆ కూలిని రోజుకు పౌను ధాన్యానికి, పైన కాస్త చిల్లరకు కుదించాడు. అంత తక్కువతో మట్టి మోసే మనిషి నిలవడని ఆరోగ్య కమిషనర్ కార్నిష్ మొత్తుకున్నాడు. నూట ముప్ఫై ఏళ్లకు, 2006 ఫిబ్రవరి 2న, ఉపాధి హామీ పథకం మొదలైంది కూడా ఆ కరువు సీమలోనే, అనంతపురం జిల్లా బండ్లపల్లిలో. 2005 చట్టం 100 రోజుల పనిని హక్కుగా రాసింది. అడిగిన 15 రోజుల్లో పని చూపకపోతే తొలి నెల పావు వంతు, ఆపైన సగం కూలి భృతిగా ఇవ్వాలంది. ఆ భృతి కాగితం దిగి చేతికొచ్చింది అరుదు. అయినా జాబ్ కార్డు జీతగాడి స్టాంపు పుస్తకంలాంటిదే. ఊళ్లో మాత్రం దాని పేరు మారలేదు. ఇప్పటికీ “కరువు పనికి పోతన్నా” అనే అంటారు.

అమ్మమ్మ వంతు

వెనక్కి తిరిగి చూస్తే ఒకే సంగతి మళ్లీ మళ్లీ ఎదురవుతుంది. ఒక్క యజమాని మీద పడ్డ భారం చివరికి ఆడమనిషి ఉద్యోగం మీదికే తిరిగొస్తుంది. ఒక్క ఇంటి మీద పడ్డది ఆ ఇంట్లోని ముసలివాళ్ల మీదికి జారుతుంది. తలా కాస్త వేసిన సొమ్ము కష్టకాలంలో తగాదా పెట్టించినా, నిలిచిన చోటల్లా తీసుకునేవాడు తల దించుకోనక్కర్లేకుండా చేసింది.

2024 జూలై నుంచి స్వీడన్ తల్లిదండ్రులు తమ సెలవులో 45 రోజుల దాకా చెరొకరూ వేరేవాళ్లకు రాసివ్వొచ్చు. అమ్మమ్మకో తాతకో ఇస్తే, బిడ్డను చూసుకున్న ఆ రోజులకు వాళ్లకు భృతి అందుతుంది. తల్లితో మొదలై, తండ్రిని లాక్కొచ్చి, యాభై ఏళ్లకు అమ్మమ్మ దగ్గరికి చేరింది వాళ్ల చట్టం. మనం అమ్మమ్మతో మొదలుపెట్టి అక్కడే ఉండిపోయాం.

ఈ సంగతి ఫోనులో చెబితే అక్క నవ్వింది. “మనవరాలిని ఎత్తుకున్నందుకు జీతమేంట్రా, సిగ్గులేకపోతే సరి” అంది. వెనక పసిది ఏడుస్తోంది. కాసేపాగి తనే, “మన ఊళ్లో ఈ నెల ముహూర్తాలెన్నున్నాయో పంచాంగం చూసి చెప్పరా” అంది. చూశాను. పదకొండు ఉన్నాయి. ఒక్కో పెళ్లికి ఎన్ని జాకెట్లు కుట్టేదో ఆమెకు తెలుసు. లెక్క వేసుకుంటున్నట్టు కాసేపు మాట్లాడలేదు.